ఎంగిలి పళ్లెం ఎవరు కడగాలి? ఒక ఊరి వనభోజనాల కేస్ స్టడీ

విజయనగరం జిల్లాలో చంపావతి నదికి దగ్గర్లో ఉన్న ఒక పంచాయతీ కథ ఇది. ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, మనుషుల పదవులు ఒకటి రెండు చోట్ల మార్చాను. ఊళ్లలో పర్యావరణ కార్యక్రమాలు పెట్టించడం నా పని. మూడు కార్తీకాలు ఈ ఒక్క ఊరి వెంట తిరిగాను. ర్యాలీ, ప్రతిజ్ఞ, మొక్కల పంపిణీ లాంటివి ఎన్నో చేసినా, నా పనిలో నాకు కనిపించని మూల ఒకటుందని ఇక్కడే తెలిసింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

నాలుగు వందల గడపల ఊరు. పల్లంలో వరి, కోతలయ్యాక పెసర, మినుము. మెట్ట మీద మామిడి, జీడి. ఇంటికొకరైనా విశాఖలోనో హైదరాబాదులోనో పనికి ఉంటారు. ఊరికి తూర్పున ఒక బంద. మా వైపు చిన్న చెరువుని అలాగే అంటాం. గట్టును ఆనుకుని పాత మామిడితోట. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం ఆ తోటలో వనభోజనాలు. ఈ రోజుల్లో కార్తీక వనసమారాధన అంటే చాలాచోట్ల కులసంఘాల వారీగా జరుగుతోంది. ఇక్కడ మాత్రం ఊరంతటికీ ఒక్కటే. తొమ్మిది వందల మంది దాకా తింటారు. ఊరంతటికీ అన్నాను గానీ, కాలనీ (దళితవాడ) వాళ్లు మూడు దాటాక, రద్దీ తగ్గాక వచ్చేవారు. మొదటి ఏడాది నేనది చూశాను, రాసుకోలేదు.

సమస్య ఎలా బయటపడింది

2021 కార్తీకంలో, వరి పాలుపోసుకునే వేళ, చివరి తడి కోసం బంద మదుం, అంటే పొలాలకి నీళ్లు వదిలే తూము, తీశారు. నీరు రాలేదు. చివరి పొలాల రైతు ఒకాయన నడుముల్లోతు నీళ్లలోకి దిగి మదుం నోట్లో చెయ్యి పెట్టాడు. మెరుపు కాగితం ప్లేట్లు ఒకదానిమీద ఒకటి అప్పడాల్లా అతుక్కుని ఉన్నాయి. మధ్యలో వాటర్ ప్యాకెట్లు. గోనెసంచిలో సగానికి నింపి తెచ్చి గ్రామ సచివాలయం మెట్ల మీద గుమ్మరించాడు.

తర్వాత ఊరి నుంచి మాకు కబురొచ్చింది: "జనానికి అవగాహన లేదు, ఏదైనా కార్యక్రమం పెట్టండి." ఆ మాటలో అడ్డంకి ఏదో, మందు ఏదో రెండూ వాళ్లే తేల్చేశారు. మేమూ తలూపేశాం. అవగాహన కార్యక్రమాలు పెట్టడం మాకు చేతనైన పని. చేతనైన పనికి సరిపోయే జబ్బు ఎదురైతే ఎవరు కాదంటారు?

జూన్ 5

2022 జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. బడిపిల్లలతో ర్యాలీ, రామకోవెల దగ్గర ప్రతిజ్ఞ, పది వేప మొక్కలు. 'ప్లాస్టిక్‌ను తరిమేద్దాం' అని పన్నెండడుగుల ఫ్లెక్సీ వేయించాం. ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే. ప్రతిజ్ఞ అయ్యాక పిల్లలకు ఉప్మా పెట్టాం. దేంట్లో పెట్టామో చెప్పక్కర్లేదు. బడి వెనక గోడ దగ్గర ఆ ప్లేట్లు చూసి మా కుర్రాడే ఏరి సంచిలో వేశాడు. ఫ్లెక్సీ ఆ వర్షాకాలానికి ఒకరి పశువులశాల మీదికి ఎక్కింది. ఆ కార్యక్రమం మొత్తానికీ మిగిలిన మేలు అదొక్కటే.

అదే ఏడాది జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద నిషేధం వచ్చింది. ఇక కార్తీకానికి చట్టమే పని చేసిపెడుతుందనుకున్నాం. కిరాణా కొట్లో వెండిపొర కాగితం ప్లేటు మాత్రం దర్జాగా కూర్చుంది. పేరుకి కాగితం, కూర కారకుండా ఆపేది లోపలి పొర.

ఆకు ప్లేట్ల ఏడాది

2022 కార్తీకానికి అడ్డాకులు తెద్దామన్నాం. పార్వతీపురం, సాలూరు వైపు కొండల్లో దొరికే ఆకు. చీపురుపుల్లలతో కుట్టిన విస్తరి మా అమ్మమ్మల కాలంలో ప్రతి పెళ్లిలోనూ ఉండేది. దానివల్ల గిరిజనులకూ నాలుగు డబ్బులు వస్తాయి. కాగితం మీద ఈ ఆలోచనకి వంక పెట్టడానికి లేదు.

వంక వంటమేస్త్రీ పెట్టాడు. కింద కూర్చుని తింటే ఆకు బాగుంటుంది, నిలబడి తినేవాడి చేతిలో సాంబారు పడగానే మడత పడిపోతుంది. ఎండిన ఆకుల మీద నీళ్లు చల్లి మెత్తబరచాలి, దానికి మనుషులు కావాలి. నాలుగు రోజుల ముందు చూస్తే కావలసిన కట్టల్లో మూడోవంతే చేరింది. కంగారులో పట్నం నుంచి 'ఆకు బఫే ప్లేట్లు' తెప్పించారు. పైన నిజం ఆకు, కింద అట్ట. చూడముచ్చటగా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు, మేం ఫొటోలు తీసుకున్నాం.

ప్లేట్లన్నీ ఊరి చెత్త సంపద కేంద్రంలో వర్మీ తొట్టెలో వేయించాం. మూడు నెలల తర్వాత అక్కడ పనిచేసే ఆయన నన్ను పిలిచి జల్లెడ చూపించాడు. ఎరువు కిందికి పోయింది, జల్లెడలో ఉల్లిపొరలాంటి పలచని పొరలు గుండ్రంగా మిగిలాయి. ఆకునీ అట్టనీ అంటించడానికి మధ్యలో వేసిన ప్లాస్టిక్ పొర అది. ఆకూ అట్టా వానపాములు తినేశాయి, పొర నాకు వదిలేశాయి. "బావూ, ఇవి కాగితం ప్లేట్ల కంటే కష్టం. అవయితే పైనే ఏరీవాణ్ని" అన్నాడాయన.

ఏదైనా కొత్త ప్లేటు కొనేముందు ఒకటి రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూడమని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను. పొర ఉంటే పొద్దున్నే చేతికి దొరుకుతుంది.

లెక్క మార్చడం

ఇక్కడ ఆగి ఆలోచించాం. పారేసే వస్తువు స్థానంలో ఇంకో పారేసే వస్తువు పెడుతున్నాం. పారేయని వస్తువు పెడితే? స్టీలు పళ్లేలు. తొమ్మిది వందల మందికి తొమ్మిది వందల పళ్లేలు ఎక్కడినుంచి వస్తాయని కమిటీ పెద్దలు నవ్వారు.

భోజనాలు పన్నెండు నుంచి మూడు దాకా, అంటే 180 నిమిషాలు. ఒక మనిషి పళ్లెం పట్టుకుని తినేది ఇరవై నిమిషాలు, కడిగి తిరిగి వరుసలోకి వచ్చేసరికి ఇంకో పది. పళ్లెం ముప్పై నిమిషాలకోసారి తిరుగుతుంది, మూడు గంటల్లో ఆరుసార్లు. 900ని ఆరుతో భాగిస్తే 150. జనం సమంగా రారు, ఒంటిగంటకి ఒక్కసారిగా పడతారు కాబట్టి దానికి రెట్టింపు, 300. అవి మా దగ్గర్లోని షామియానా సప్లయర్స్ దగ్గరే అద్దెకు ఉన్నాయి. ఈ చిన్న లెక్క చెప్పాక నవ్వు ఆగింది.

బంతి భోజనాలు పెడితే లెక్క ఇంకా సులువని ఒక పెద్దాయన అన్నారు. వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తే ఒక్క బంతికి సరిపడా పళ్లేలుంటే చాలు. నాకూ నచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే భయమేసింది. బంతి అంటే ఎవరి పక్కన ఎవరు, ఏ బంతిలో ఎవరు అన్న ప్రశ్న. బఫే వచ్చాక ఆ ప్రశ్నని ఎవరూ నోరెత్తి అడగడం లేదు. పర్యావరణం పేరు చెప్పి దాన్ని మళ్లీ తవ్వి తీయడం నాకిష్టం లేకపోయింది. బఫే వరుసే ఉంచమన్నాను. కారణం రద్దీ అని చెప్పాను. పూర్తి కారణం చెప్పకపోవడం సరైందేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

అసలు ప్రశ్న

2023 కార్తీకానికి మూడు వారాల ముందు మీటింగు. పళ్లేలు ఖరారు, నీళ్ల ట్యాంకరు ఖరారు. కడగడం సంగతి వచ్చేసరికి ఒకాయన ఎంతో మామూలుగా, "కాలనీ నుంచి ఓ పదిమంది ఆడోళ్లకి చెబుదాం, కూలిచ్చేద్దాం" అన్నారు. ఎవరూ తల తిప్పలేదు. నేనూ నోటుబుక్కులో 'కడగడం, 10 మంది' అని రాసేసుకున్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ పొదుపు సంఘం ఆవిడ ఒకరు, కాలనీ ఆవిడే, మాట్లాడారు. "మా యెంగిలి మేం కడుక్కుంతాం బావూ. ఊరోళ్ల యెంగిలి మేవెందుకు కడగాల? కాయితం పళ్లేలప్పుడు ఎవుళూ కడగలేదు గదా. మీరు పర్యావరణం తెచ్చినారు, మాకు అంట్లు తెచ్చినారు."

గది నిశ్శబ్దమైంది. ఆవిడ మాట అక్షరాలా నిజం. కాగితం ప్లేటు ఊళ్లోకి వచ్చింది చవకని మాత్రమే కాదు. ఎవరి ఎంగిలి ఎవరూ తాకనక్కర్లేకుండా చేసింది కాబట్టి. ఆ ప్లేటు ఒక పాత పనిని మాయం చేసి, దాని బదులు మదుం నోరు మూసింది. మేం చెత్తని తీసేస్తున్నామనుకుంటూ ఆ పనిని, దానితోపాటు అది ఎవరి నెత్తిన ఉండేదో దాన్నీ వెనక్కి పట్టుకొస్తున్నాం. రెండేళ్లు ప్లేటు గురించి ఆలోచించాను గానీ కడిగే చేతి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. మా ఇంట్లో అంట్లు నేను కడగను, అదీ ఒక కారణమే కావచ్చు.

ముందు మూడు దారులున్నాయి. కూలి పెంచి అదే పని చేయించడం: డబ్బు పెరిగినా మనుషులు అదే వీధివాళ్లు. సప్లయర్స్ కూలీలతో కడిగించడం: వాళ్లు పట్నం నుంచి వస్తారు, ఊరికి కంటికి కనబడరు, అంతే తేడా. మూడోది, తిన్నవాడే కడగడం. దీన్ని మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చుట్టాలొస్తారు, అల్లుళ్లొస్తారు, వాళ్ల చేత పళ్లెం కడిగిస్తే పరువేం కాను అన్నారు. మేం ఒకటే మాట మీద నిలబడ్డాం: ఇది కుదరకపోతే ఈ ఏడాది స్టీలు వద్దు, కాగితం ప్లేట్లే పెట్టండి, మదుం దగ్గర వల కట్టుకుందాం. పర్యావరణ కార్యకర్త నోట ఆ మాట వినేసరికి వాళ్లు కొంచెం బిత్తరపోయారు. బేరం కోసం అన్నది కాదది. ఒకరి నెత్తిన అంట్లు పెట్టి తెచ్చే శుభ్రత కంటే మరో ఏడాది చెత్తే నయమనిపించింది.

రెండు రోజుల తర్వాత మాజీ సర్పంచి ఒకాయన, "ముందు నేను కడుగుతాను, ఆ తర్వాత ఎవడు కడగడో చూస్తాను" అని కబురు పెట్టారు.

ఆ ఆదివారం

తోటలో గట్టుకి దూరంగా కడిగే చోటు పెట్టాం. మొదట మిగులు వేసే కుడితి తొట్టె. తర్వాత సగానికి కోసిన డ్రమ్ములో సబ్బునీళ్లు, కొబ్బరిపీచు. ఆపైన ట్యాంకరు కుళాయిలు ఆరు. చివర గుండిగలో వేడినీళ్లు, అందులో ముంచి వెదురు తడికె మీద బోర్లించాలి. మాజీ సర్పంచిగారు చెప్పినట్టే మొదట వచ్చి, పంచె ఎగగట్టి, మూడు నిమిషాల సేపు పళ్లెం తోమారు. అంతసేపు అక్కర్లేదు. అందరూ చూడాలి కదా.

ఒంటిగంట దాటాక నేను కుళాయిల పక్కన నిలబడి చూస్తే ఆడవాళ్లే కనిపించారు. ఒక్కొక్కరి చేతిలో మూడేసి, నాలుగేసి పళ్లేలు: తనది, మొగుడిది, పిల్లలవి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అల్లుడు తన పళ్లెం తనే తెచ్చుకుంటుంటే అత్తగారు పరుగెత్తుకొచ్చి లాక్కున్నారు. "నాను కడుగుతాను, ఇలా ఇవ్వు బాబూ." ఆయన ఆఫీసు క్యాంటీన్లో రోజూ చేసేదే కదా అంటున్నా వినలేదు. 'తిన్నవాడే కడగాలి' అన్న నియమం గంటలో 'ఆడది కడగాలి' అయిపోయింది.

ఇంకోటి. పది పన్నెండు ఇళ్ల పెద్దవాళ్లు తమ పళ్లేలు ఇంటినుంచే తెచ్చుకున్నారు. ఎవరు తిన్న పళ్లెంలో తినాలో తెలియదు కదా, అదీ సంగతి. చెత్త లెక్కలో చూస్తే ఇంటి పళ్లెం మరీ మంచిది. మా నివేదికలో వాటిని 'సొంత పళ్లెం తెచ్చినవారు' అని గొప్పగా వేసుకోవచ్చు కూడా. వేసుకోలేదు. ఆపమనీ అడగలేదు. మరుసటి ఏడాది ఆ సంఖ్య తగ్గింది. మనసు మారిందో, మోసుకురావడం బరువైందో నేను చెప్పలేను.

మా వైపు తప్పు ఒకటి: కడిగిన నీళ్లు ఎటు పోతాయో చూసుకోలేదు. సాయంత్రానికి సబ్బునురుగు సన్న కాలువ కట్టి బంద వైపే నడిచింది. చివరి పొలాల రైతే పార పట్టుకొచ్చి అడ్డుగట్టి, తోటలో గోతిలోకి మళ్లించాడు. ఏమీ అనలేదు. అననందుకు ఇంకా సిగ్గేసింది.

మదుం ఆ ఏడాది శుభ్రంగా ఉంది. సప్లయర్స్‌కి తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం 27 పళ్లేలు తగ్గాయి. డిపాజిట్ అక్కడే పోయింది.

కిళ్లీ, పేర్లు

2024కి రెండు మార్పులు. రెండూ మా బుర్రలోవి కావు.

మొదటిది కిళ్లీ. భోజనం తర్వాత పళ్లెంలో పెట్టి పంచే కిళ్లీలని కడిగే చోటికి అవతల పెట్టారు. కడిగిన పళ్లెం ఒకటి తడికె మీద బోర్లించిన చేతికి కిళ్లీ ఒకటి. భార్య నాలుగు పళ్లేలు కడిగితే నాలుగు కిళ్లీలివ్వరు, ఒక్కటే. ఈ ఉపాయం వంటమేస్త్రీది. సంఘం ఆడవాళ్లు అక్కడ కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా చాలా నిక్కచ్చిగా నడిపారు. మగవాళ్లు గొణుక్కుంటూనే వరుసలో నిలబడ్డారు. అందరూ కాదు. కిళ్లీ అలవాటు లేనివాళ్లు యథాప్రకారం పళ్లెం భార్య చేతికిచ్చి చెట్టు కింద కూర్చున్నారు.

రెండోది పేర్లు. అద్దె మానేసి ఊరికి సొంతంగా పళ్లేలు కొనాలన్నది పొదుపు సంఘాల నిర్ణయం. "పేరు కొట్టిస్తే ఎవుళూ ఎత్తుకెల్లరు" అన్నారు. నిజమే, మన ఇళ్లలో పేరు కొట్టించని స్టీలుగిన్నె ఎక్కడుంది? పోయినవాళ్ల పేరు మీద ఇంటికి ఐదు, పది చొప్పున ఇమ్మని అడిగారు. నెలరోజుల్లో 300 దాటాయి.

అప్పుడో చిక్కు. ఒక కుటుంబం, "మా నాన్న పేరున్న పళ్లేలు మా వీధివాళ్లకే పెట్టండి" అంది. ఇదే జరుగుతుందని నాకు భయం ఉండేది. నేను మాట్లాడబోతే సంఘం లీడరు ఆపారు. మర్నాడు అందరికీ ఒకే షరతు పెట్టారు: ఇంటిపేరు వద్దు, పేరొక్కటే కొట్టించాలి. సింహాచలం అప్పన్న, పైడితల్లి అమ్మవారి మధ్య బతికే జిల్లా మాది. అప్పన్నలు, పైడమ్మలు, పైడిరాజులు ప్రతి వీధిలోనూ ఉన్నారు, ప్రతి కులంలోనూ ఉన్నారు. ఇంటిపేరు తీసేస్తే ఏ అప్పన్న ఏ వీధి అప్పన్నో ఎవరూ చెప్పలేరు. ఏ ఉపన్యాసంతోనూ నేను చేయలేని పని అది.

ఓడిపోయింది వాటర్ ప్యాకెట్ల దగ్గర. కుండలు పెట్టాం, స్టీలు గ్లాసులు పెట్టాం. నాయకులెవరో వస్తున్నారని పది పెట్టెల నీళ్లబాటిళ్లు దిగాయి, ఆ వెనకే ప్యాకెట్ల బస్తాలూ దిగాయి. ఊరి పెద్దలకి నేను చెప్పగలను గానీ, అతిథి మర్యాద అన్నాక నా మాట ఆగిపోతుంది. కుండలో నీళ్లు ఎక్కడివో అన్న అనుమానం జనానికి ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఈసారి నీళ్లు పట్టే చోటు అందరికీ కనబడేలా పెట్టి చూడాలి.

ఇంకో ఊరివాళ్లు ఇదే చేస్తామని వస్తే, ముందు నేను పళ్లేల గురించి మాట్లాడను. మీ ఊళ్లో పెళ్లికి అంట్లు ఎవరు తోముతారు, పండక్కి ఎవరు తోముతారు, వాళ్లకి ఎంత ఇస్తారు అని అడుగుతాను. సగంమంది చికాకుపడతారు. చికాకుపడిన ఊళ్లోనే పని ఉంటుంది.

ఇప్పుడు పళ్లేలు సంఘం గదిలో నాలుగు గోనెసంచుల్లో ఉన్నాయి. వినాయక చవితి అన్నదానానికి, పెద్దకర్మలకి అడిగి తీసుకెళతారు. రిజిస్టరు పొదుపు సంఘం ఆవిడ దగ్గరుంది, ఆ గుమ్మం దగ్గర నిలబడి అడిగినావిడే. 2024 కార్తీకం అయ్యాక లెక్కపెడితే రెండు తగ్గాయి. సంక్రాంతికి ముందు ఒక గుంటడు ఒకటి పట్టుకొచ్చాడు. వాళ్ల కోళ్లగూట్లో నూకలు పోయడానికి వాడుతున్నారట. అడుగున తుడిచి చూస్తే 'అప్పన్న' అని ఉంది. ఏ అప్పన్నరా అని అడిగితే వాడు భుజాలెగరేశాడు. ఆవిడ వేడినీళ్లలో ముంచి తీసి, రిజిస్టరులో రాసుకున్నారు: అప్పన్న, 1, వచ్చింది.